ఫ్రూమా పేరు తియ్యనంది

బాల్టిమోర్‌లో ఆచారం తప్పని యూదుల ఇళ్లలో పెళ్లయిన ఆడవాళ్లు జుట్టు కప్పుకోవడానికి విగ్గులు పెట్టుకుంటారు. వాటిని కడిగి, దువ్వి, తీరుగా కత్తిరించి ఇవ్వడం ఫ్రూమా వాసర్‌స్ట్రోమ్ పని. ఆమె తల మీదా విగ్గు ఉండేది. మొగుడు మాత్రం ఇంట్లో లేడు. హెషెల్ ఏళ్ల కిందటే తల్లి దగ్గరికి వెళ్లిపోయాడు. కోర్టు విడాకులు ఎప్పుడో అయిపోయాయి. కానీ మతం ఒప్పుకునే విడాకుల పత్రాన్ని, గెట్‌ని, మొగుడే ఇవ్వాలి. అది అందేదాకా ఆమె ఇంకొకరిని చేసుకోవడానికి లేదు. అడిగినప్పుడల్లా హెషెల్ నవ్వుతూ "చూద్దాంలే" అనేవాడు.

ఒకసారి ఎవరో మరిచిపోయిన పత్రికలో ఆమె కథల పోటీ ప్రకటన చూసింది. న్యూయార్క్‌లో అచ్చయ్యే యూదు మాసపత్రిక అది. వంటింటి బల్ల మీద విగ్గులు పక్కకి జరిపి, ఆమె కథ రాసి పంపింది. ప్రార్థనా మందిరంలో పిల్లలకు మిఠాయిలు పంచుతూ అందరి చేతా మంచివాడనిపించుకుంటూ, పెళ్లానికి మాత్రం గెట్ ఇవ్వని ఒక మొగుడి కథ.

దానికి మొదటి బహుమతి వచ్చింది. సంపాదకురాలు రోనా ఫోన్ చేసింది.

"ఇలాంటి కథలకు చాలామంది మారుపేరు పెట్టుకుంటారు. మీకూ పెట్టమంటారా?"

"వద్దండీ. నా పేరే వెయ్యండి."

కథ అచ్చు కాకముందే ఊరంతా పొక్కింది. శనివారం శబ్బాత్, పనులూ బేరాలూ కూడని విశ్రాంతి రోజు. ఆ మధ్యాహ్నం అన్న లేబ్ భోజనానికి వచ్చాడు. మాంసం, చిక్కుడు గింజలు వేసి ముందురోజు నుంచి సన్నటి సెగ మీద ఉడికించిన చోలెంట్‌ను పళ్లెంలో కెలుకుతూ అసలు సంగతి బయటపెట్టాడు.

"హెషెల్ దిగొచ్చాడే. కథ వెనక్కి తీసుకుంటే గెట్ ఇచ్చేస్తాడట."

"శబ్బాత్ పూట బేరాలేమిటి అన్నయ్యా?"

"వేళాకోళం కాదు! ఇన్నేళ్లుగా ఏడ్చింది దీనికే కదా? ఇంటి గుట్టు పత్రికకెక్కిస్తే నీకు ఒరిగేదేముంది?"

ఫ్రూమా అతని పళ్లెంలో ఇంకాస్త వడ్డించింది. ఆశ పుట్టలేదంటే అబద్ధమే. మళ్లీ ఓ తోడు, ఓ కాపురం అని ఆమె ఎన్నిసార్లు అనుకుందో! కథదేముంది, ఇంకోటి రాసుకోవచ్చు. మర్నాడు అన్న ఇంట్లో హెషెల్‌ని కలిసింది.

"సరే. ముందు గెట్ ఇవ్వు. వెంటనే కథ ఆపమంటాను."

"ముందు నువ్వు ఆపు," అన్నాడు హెషెల్, టీలో చక్కెర కలుపుకుంటూ. "ఆ తర్వాత చూద్దాంలే."

ఫ్రూమా కోటు తొడుక్కుంది. "ఎక్కడికే?" అంటూ లేబ్ అడ్డొచ్చాడు.

"ఇంటికి. కథ అచ్చవుతుంది అన్నయ్యా. పేరుతో సహా."

అచ్చయింది. విగ్గులు తెచ్చేవాళ్లు సగానికి సగం మానేశారు. హెషెల్ తల్లి దారిలో కనబడితే మొహం తిప్పుకునేది. లేబ్ పండగకి పిలవలేదు. ఆ పండగ రాత్రి ఫ్రూమా ఒక్కతే కొవ్వొత్తులు వెలిగించుకుని, వాటి ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తెల్లారి లేచి, మంచి గౌను వేసుకుని, ప్రార్థనా మందిరంలో ఎప్పుడూ కూర్చునే ముందు వరసలోనే కూర్చుంది.

ఆ తర్వాత కొత్త ముఖాలు రావడం మొదలయ్యాయి. ఒకామె శుభ్రంగా ఉన్న విగ్గునే తెచ్చి, తలుపు మూసుకున్నాక గొంతు తగ్గించి అడిగింది.

"ఫ్రూమా అక్కా, మా ఆయనా ఇవ్వట్లేదు. నాదీ రాస్తారా?"

పత్రిక ఏటా ఒక రచయితకు ఏడాదిపాటు భృతి ఇచ్చి రాయిస్తుంది. ఫ్రూమా దరఖాస్తు పెట్టింది. ఈ ఆడవాళ్ల కథలే రాస్తానంది. ఆ ఏడు భృతి ఆమెకే దక్కింది. ఆ ఆడవాళ్లు వద్దన్న చోట వాళ్ల పేర్లు మార్చింది, తనది మార్చలేదు.

ఏడాది చివర న్యూయార్క్‌లో పత్రిక వాళ్లు సభ పెట్టి ఆమె చేత ఒక కథ చదివించారు. హెషెల్ అప్పటికీ గెట్ ఇవ్వలేదు. ఇప్పటికీ ఇవ్వలేదు. ఆమె సగం చదివేసరికి వెనక వరసలో ఒక పెద్దాయన లేచాడు.

"సిగ్గులేదా అమ్మా? మన పరువు మనమే తీసుకోవాలా?"

రోనా కంగారుగా లేవబోయింది. ఫ్రూమా ఆమెను చేత్తో వారించి, కళ్లద్దాలు సర్దుకుంది.

"కూర్చోండి బాబాయిగారూ," అంది. "ఇంకా సగం ఉంది."

మిగతాది ఇంకాస్త గొంతు పెంచి చదివింది.