తెర వెనక స్టేజీ

అరవై ఎనిమిదిలో ఒక ఉదయం రైలు కొత్తవలసలో ఆగి ఉండగా, ఎదురుగా కూర్చున్న కళింగపట్నం ముసలామె విశాఖలోని ఒక పాత థియేటరుకు దారి అడిగింది.

“అక్కడిప్పుడు నాటకాలు లేవమ్మా, సినిమాలే,” అన్నాను.

“మరయితే ఆ స్టేజీ కూల్సీసినారేటి బాబూ?” ఆమె ముఖం వాడిపోయింది.

ఆ హాలు మొదట నాటకాలకే కట్టారనీ, సినిమాలొచ్చాక స్టేజీ ముందు తెర బిగించారనీ, వెనక స్టేజీ అలాగే ఉందనీ చెప్పాను. మధ్యాహ్నం ఆటకు ముందే వెళ్లి కాపలాదారుని అడిగితే పక్క తలుపు తీస్తాడన్నాను.

“మా ముసిలోడు ఆడేసం కట్టీవోడు. నా ఎర్ర పెళ్లికోక కట్టుకుని ఆ స్టేజీ మీద ఆడినాడు. ఊరోళ్లందరూ సూసొచ్చినారు. ఆడోళ్లకి నాటకాలేటని మా అత్త నన్నెల్లనీలేదు.” ఆయన పోయి ఏడాదైందట.

విశాఖలో దిగేముందు ఆమె మూటలోంచి ఆ కోక తీసి, కట్టుకున్న చీర మీద కప్పుకుంది. “మొగుడు పోయినదానికి ఎర్రకోకేటని మా ఊర్లో నవ్వుతారు. అక్కడ నన్నెవులెరుగుదురు?” అంది.

రిక్షావాడికి దారి చెప్పాను. ఆమె ఎక్కుతుంటే కోక అంచు నేలకు జారింది. దాన్ని ఎత్తి, ఆమె సర్దుకుని కూర్చునేదాకా పట్టుకున్నాను.