వారంటీ మీద బొట్టు

జనగామలో ఒక ప్రైవేటు కాలేజీలో నేను కామర్స్ చెప్త. బీమా గురించిన పాఠం ఏటా ఒకసారి వస్తది. అందులో ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి నా సొంత అభిప్రాయాలు నాలుగు కలిపి చెప్పడం అలవాటైంది. వస్తువు పాడయ్యే అవకాశం తక్కువ, పాడైనా బాగు చేయించుకునే ఖర్చు మనం భరించగలిగిందే, మధ్యలో అమ్మినోళ్లకు మిగిలేదే ఎక్కువ, కాబట్టి వద్దు అని బోర్డు మీద రాస్త. పిల్లలు రాసుకుంటరు. ఆ ప్రశ్న ఎప్పుడూ పరీక్షలో రాలేదు కాబట్టి నేను చెప్పింది తప్పని ఎవరూ తేల్చలేకపోయిన్రు. మా అక్క తప్ప.

అక్క వాళ్లు భూపాలపల్లిలో ఉంటరు. బావ బొగ్గు బావిలో పని చేస్తడు. బావి నుంచి వచ్చిన బట్టలు మొదటి నీళ్లలో సిరా వదులుతయి, రెండో నీళ్లలో డికాక్షన్ వదులుతయి, మూడో నీళ్లకు గాని సబ్బుకు పని దొరకదు. పెండ్లయిన నాటి నుంచి వాటిని అక్కే ఉతికింది. ఒక వానకాలం ఆమెకు చికున్‌గున్యా వచ్చింది. జరం వారంలో పోయింది, నొప్పులు పోలేదు. కుడిచేతి వేళ్లు పిడికిలి కావడం మానేసినయి. పిండబోతే బట్ట జారి మళ్లా బకెట్లనే పడేది.

"బట్టలు పిండుడు బంద్ జెయ్యమ్మా. లేకుంటే వేళ్లు గిట్లనే ఉండిపోతయి" అన్నడు దవాఖానల డాక్టరు.

అట్ల వాషింగ్ మెషీన్ కొనే మాట వచ్చింది. ఇంట్లో చదువుకున్నోణ్ని కాబట్టి నాకు కబురొచ్చింది. హనుమకొండలో బస్సు మారిన. రేగొండ దాటేసరికి నా ఉపన్యాసం తయారుగా ఉంది.

షోరూమ్‌లో అమ్మకాలు చూసే పెద్దమనిషి మెల్లగా మొదలుపెట్టిండు. "కంపెనీ వారంటీ రెండేండ్లు సార్. కొంచెం కడితే ఇంకో మూడేండ్లు పెరుగుతది."

"మోటరుకు పదేండ్లు కంపెనీయే ఇస్తది గదా" అన్న.

"ఇస్తది సార్."

"మరి ఇంక మిగిలిందేంది?"

"మిగిలింది మెషీన్ సార్."

నేను అక్క దిక్కు తిరిగి, "దండగక్కా. లెక్క చెప్త విను" అన్న.

"నీ లెక్క నీ పిల్లలకు చెప్పు తమ్మీ. ఇది ఆగిపోయిననాడు ఉతికేది నువ్వా?" అన్నది అక్క.

బీమా పాఠంలో ఉతికేటోళ్ల లెక్క రాదు. వారంటీ తీసుకున్నం.

ఓడిపోయినోణ్ని ఊరికే ఉండొచ్చు. కానీ బిల్లు పలచటి కాయితం మీద వచ్చింది. ఏడాది తిరిగేసరికి అక్షరాలు మాసిపోతయని నాకు తెలుసు. అంతవరకు తెలిసినోణ్ని కాబట్టి బజార్ల లామినేషన్ చేయించుకొస్త అని తీసుకపోయిన. లామినేషన్ మెషీన్‌లోకి తెల్లగా పోయిన బిల్లు అవతలి దిక్కు నుంచి నల్లగా వచ్చింది. సంతకాలు, నంబర్లు, తారీఖు అంతా ఒకే రంగు.

"గీ కాయితం వేడి తగిలితే నల్లగైతది సార్" అన్నడు లామినేషన్ ఆయన.

"ముందే చెప్పొచ్చు గదన్నా."

"చదువుకున్నోళ్లు గదా, మీకు తెలుసనుకున్న."

బావ దాన్ని వెలుతురుకు పెట్టి చూసిండు. "బామ్మర్దీ, మా బావిల కూడ ఇంత నల్లటి సరుకు ఎల్లలే" అన్నడు. లామినేషన్ చేయించింది పారేస్తే బాగుండదని అక్క దాన్ని బీరువాలో పెట్టింది.

ఇగ ఆ దసరాకు అక్క వంతు. ఇంటికొచ్చిన యంత్రానికి బొట్టు పెట్టకుండ ఎట్ల? ముందర పెడితే బావ చేతులు తగిలి తుడుచుకపోతది. మూత మీద పెడితే నీళ్లు పడతయి. వెనక ఒక తెల్ల స్టిక్కర్ ఉంది, ఎవరూ ముట్టరు, గోడ దిక్కు ఉంటది. పసుపు రాసి, కుంకుమ నూనెలో కలిపి గట్టిగా పెట్టింది. మర్సటేడు దాని మీదనే ఇంకోటి. ఆ మర్సటేడు ఇంకోటి.

ఈ రెండున్నరేండ్లలో మెషీన్ తన పని తను చేసింది, అక్క వేళ్లు కూడా చేసినయి. ముందు చూపుడు వేలు వంగింది. ఆ తర్వాత నడిమి వేలు. పొయ్యి మీది గిన్నెను ఒంటిచేత్తో దించిన రోజు నాకు ఫోన్ చేసి చెప్పింది.

పోయిన ఎండకాలం మొదట్లో మెషీన్ ఆగింది. లైట్లు వెలుగుతున్నయి, డ్రమ్ము తిరగట్లేదు. ఫోన్ చేస్తే మెకానిక్ వచ్చి విప్పి చూసిండు. నా ఈడు మనిషే. "మోటర్ మంచిగుంది, లోపల బోర్డు పోయిందక్కా. మీకు పెంచిన వారంటీ ఉంటే ఫ్రీ" అన్నడు. అక్క నిమ్మళంగా బీరువా తెరిచి నల్ల బిల్లు తెచ్చిచ్చింది. ఆయన దాన్ని ఒకసారి ముందుకు, ఒకసారి వెనకకు తిప్పి, మర్యాదగా పక్కన పెట్టిండట. నంబర్ స్టిక్కర్ చూద్దామని మెషీన్‌ను గోడ నుంచి జరిపిండు.

"ఇక్కడ ఏం రాసిన్రక్కా?"

"రాయలే. బొట్టు పెట్టిన."

"నంబర్ మీదనే ఎందుకక్కా?"

"గక్కడైతే చెరగదు గదా."

ఆయన గోటితో గీకి చూసి, "చెరగలేదక్కా" అని ఒప్పుకున్నడు. నంబర్ లేకుంటే కంప్లయింట్ ముంగటికి పోదని చెప్పి పోయిండు.

నాకు ఫోన్ వచ్చింది. "వారంటీ వద్దన్నోనివి నువ్వే గదా. ఇప్పుడు వచ్చి ఇప్పియ్యి."

ఆదివారం పోయిన. బావ నల్లా కాడ కూసోని ప్యాంటు పిండుతున్నడు. మనిషి ఒక దిక్కు, ప్యాంటు ఒక దిక్కు మెలి తిరిగి ఉన్నరు.

"ఎన్ని రోజుల సంది బావా?"

"మెషీన్ ఆగిన మర్నాటి సంది. మీ అక్క పొద్దున రెండు బట్టలు పిండింది, పొద్దుమీకి గిలాస పట్టలేకపోయింది. వంగిన వేళ్లు మళ్ల పోతయని చేతులల్ల నుంచి గుంజుకున్న." ప్యాంటును దండెం మీద వేసి నిలబడ్డడు. "ఇరవై ఏండ్లు ఏసుకున్న గని, తడిస్తే గింత బరువుంటదని తెల్వదు."

అక్క తన కుడిచేయి ఎడమచేతిలో పట్టుకొని గడప మీద కూసుంది. ఆ చేయి చూసినంక నా ఉపన్యాసం గుర్తు రావద్దని కోరుకున్న.

కొబ్బరినూనె, దూది పట్టుకొని నేను, బావ మెషీన్ వెనక చేరినం. కుంకుమ వదిలింది. దాంతోపాటు అచ్చు కూడా వదిలింది. మధ్యాహ్నానికి మూడు దసరాల కింద నుంచి తొమ్మిది అంకెలు దొరికినయి. ఆరిటికి నేను పూచీ. మిగిలిన మూడింట్ల మూడుందో ఎనిమిదుందో బావకు నాకు కుదరలేదు. ఒక రకంగా కలిపి కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఓపికగా వెతికి, "సార్, ఈ నంబర్ మీద ఫ్రిజ్ ఉంది" అన్నది.

చివరికి షోరూమ్‌కు పోయినం. ఆ పెద్దమనిషే ఉన్నడు. మా కథంతా విని, "అమ్మ ఫోన్ నంబర్ చెప్పండి" అన్నడు. కంప్యూటర్ల కొట్టిండు. బిల్లు తెర మీదికొచ్చింది, మెషీన్ నంబర్‌తో సహా. "కాయితం పోతే ముందు ఇక్కడికే రావాలె గద సార్" అంటూ ప్రింటు ఇచ్చిండు. చేతికిస్తూ, "లామినేషన్ చేయించకండి. చానమంది చేయిస్తరు" అన్నడు. ఆ చానమంది అన్న మాటకు నేను ఆయనకు జీవితాంతం రుణపడి ఉంట.

స్టిక్కర్ మీది ఆరు అంకెలు బిల్లుతో కలిసినయి. కంపెనీ ఒప్పుకుంది. బోర్డు రావడానికి పది రోజులు పట్టింది, ఆ పది రోజులూ బావే ఉతికిండు. ఇప్పుడు నా పాఠంలో ఒక్క వాక్యం మారింది. పాడైతే మనం భరించగలమా అని అడిగే ముందు, ఆగినన్నాళ్లు ఆ పని ఎవరి చేతుల మీద పడుతదో అడగమని చెప్త. నా మిక్సీకి మాత్రం ఇప్పటికీ తీసుకోలే. పాడైతే చట్నీ ఉండదు, అంతే.

బోర్డు బిగించిన రోజు నేను అక్కడే ఉన్న. మెకానిక్ పోతూ పోతూ, "బావి బట్టలు సీదా ఏయకున్రి. రెండు నీళ్లు బయటనే తీసి ఏయున్రి, ఎక్కువ రోజులొస్తది" అన్నడు.

బావ మొఖం జర చిన్నబోయింది. "మెషీన్ బాగైతే నా డ్యూటీ ఒడుస్తదనుకున్న."

"ఒడువలే. నీకు పర్మినెంట్ అయింది" అన్నది అక్క.

బావ బకెట్ తీసుకొని నల్లా కాడికి పోయిండు. రెండు నీళ్లు తీసి బట్టలు తెచ్చి డ్రమ్ములో వేసిండు. అక్క బటన్ నొక్కింది. నీళ్లు దిగిన చప్పుడు, తర్వాత డ్రమ్ము తిరిగిన చప్పుడు. ఆమె అక్కడే నిలబడి కుడిచేతిని మెల్లగా మూసింది. నాలుగు వేళ్లు అరచేతిని తాకినయి. బొటనవేలు సగంలో ఆగింది.

"అదొక్కటి మొండికేస్తుందక్కా" అన్న.

"వస్తది" అన్నది అక్క. చేయి తెరిచి, మళ్లా మూసింది.