ఎల్వుడ్ వెతికిన కర్ర

ఎల్వుడ్ హార్ట్‌జెల్ నోట మాట రాబట్టడం కంటే ఎండిన బావిలో నీళ్లు తోడటం తేలిక. రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. పెన్సిల్వేనియా కొండల్లో, అక్క వెర్నా ఇంటికి కూతవేటు దూరంలో ఒక్కడే ఉంటూ ఆదివారం భోజనానికి మాత్రం ఆవిడ దగ్గరికి వెళ్లేవాడు. అక్కడా ఉప్పు అందించమనడానికి తప్ప పెద్దగా నోరు విప్పేది లేదు.

అలాంటివాడికి ఒక పిచ్చి ఉండేది. సంత మైదానం హాల్లో పాత సైనిక తుపాకుల ప్రదర్శన పెడితే చాలు, తలుపులు తెరవకముందే గుమ్మం దగ్గర నిలబడేవాడు. తుపాకీ కొనడానికి కాదు. అతనికి కావలసింది ఒక కర్రముక్క.

సైన్యం పాత సామాను చవగ్గా వదిలించుకున్న రోజుల్లో వాళ్ల నాన్న ఒక స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ తెప్పించుకున్నాడు. అప్పుడు అందరూ చేసిన పనే ఆయనా చేశాడు. జింకల వేటకు కొండెక్కేవాడికి గొట్టం పొడవునా అంత కర్ర బరువెందుకని, ముందు భాగాన్ని రంపంతో కోసేశాడు. ఆ తుపాకీ ఎన్నో చలికాలాలు ఇంటికి మాంసం తెచ్చిపెట్టింది. ఇప్పటి సేకరణదారుల లెక్కలో మాత్రం అది చెడిపోయిన వస్తువు. ఒకసారి ఎల్వుడ్ దాన్ని హాలుకు తీసుకెళితే, అమ్మకాల బల్ల వేసుకుని కూర్చునే మెర్ల్ షాఫర్ అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"ఎవడోగానీ కసాయివాడిలా కోసిపారేశాడయ్యా," అన్నాడు.

ఆ కసాయివాడు మా నాన్నే అని ఎల్వుడ్ చెప్పలేదు. తుపాకీని గుడ్డలో చుట్టుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ మాట మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయింది. నాన్న తుపాకీని మళ్లీ నిండుగా చేసి, అదే హాల్లో, అదే మెర్ల్ ముందు పెట్టాలి. అంతకు మించి అతనికి కోరికేమీ లేదు. అతుకు ఎలాగూ గొట్టాన్నీ కర్రనూ కలిపి బిగించే ఇనుప పట్టీ కింద దాగిపోతుంది. కానీ ఆ కాలంనాటి వాల్‌నట్ కర్ర, గరుకు కాగితం తగలనిది, వార్నిష్ ఎక్కనిది, అదే రంగులో దొరకాలి కదా. చిక్కంతా అక్కడే.

పైగా ఆ హాల్లో ఒక కట్టుబాటు ఉంది. ఏం వెతుకుతున్నావో పైకి చెప్పకూడదు. చెప్పావా, ధర కొండెక్కుతుంది, లేదా పక్కవాడు నీకంటే ముందు ఎగరేసుకుపోతాడు. ఎవరేమడిగినా "ఊరికే చూస్తున్నా" అనాలి. మిగతావాళ్లు ఆ గుట్టును హాలు గుమ్మంలోనే వదిలేసి పోతారు. ఎల్వుడ్ దాన్ని ఇంటిదాకా మోసుకొచ్చాడు.

"ఏరా, ఇన్నేళ్లుగా అక్కడికెళ్లి ఏం చేస్తావు?" అని వెర్నా అడిగితే, "ఊరికే చూస్తానక్కా," అనేవాడు. అక్కడమ్మే పిరోగీలు తినడానికి పోతున్నాడని ఆవిడ తేల్చేసుకుంది.

హాలు మూలన వెన్నలో ఉల్లిపాయలు వేయించి, బంగాళదుంప కూరిన కజ్జికాయల్లాంటి ఆ పిరోగీలు అమ్మేది అగ్నిమాపక సంఘం ఆడవాళ్లు. ఆ మార్చిలో వాళ్లకు మనుషులు చాలక వెర్నాను కూడా పిలిచారు. ఆవిడ ఆ హాల్లో అడుగుపెట్టడం అదే మొదలు.

ఆ రోజే మెర్ల్ బల్ల కింద, తుపాకీ తోలు పట్టీల మధ్య ఎల్వుడ్‌కు అది కనిపించింది. అలాంటి తుపాకీదే, వెనక సగం విరిగిపోయిన కర్ర. ముందు సగం మాత్రం చెక్కుచెదరలేదు. రంగు అచ్చం అదే. దాన్ని చూడనట్టే ఒక తోలు పట్టీ తీసి నలిపి చూశాడు. తర్వాత తుప్పుపట్టిన మేకుల డబ్బా కెలికాడు.

"ఏం కావాలి ఎల్వుడూ?"

"ఊరికే చూస్తున్నా. ఈ విరిగిన కర్ర ఎంతకిస్తావేంటి?"

"విరిగింది వెనకాలే. ముందు భాగం బంగారం. నాకూ కళ్లున్నాయయ్యా," అన్నాడు మెర్ల్.

కాసేపు లాగారు, పీకారు. చివరికి చేతులు కలిపారు. అక్కడ చేయి కలిపితే బేరం తెగినట్టే. వెనక్కి తిరిగిచ్చినవాడికి మళ్లీ ఆ హాల్లో పరువుండదు.

కర్ర చంకలో పెట్టుకుని, ఆ పూట లోకమంతా తనదే అయినట్టు ఎల్వుడ్ పిరోగీల దగ్గరికి వెళ్లాడు.

"అదేంట్రా, నా కిటికీ కర్రలాంటిది ఇంకోటి కొన్నావు?" అంది వెర్నా.

"ఏ కిటికీ కర్ర?"

"బట్టలుతికే గదిలో కిటికీ తలుపు పైకెత్తి, జారిపోకుండా కింద ఆనించేదిరా. నాన్న తుపాకీ కోసినరోజు మిగిలిందిగా. ఆయన పొయ్యిలో పెట్టబోతే, ఇంత మంచి కర్ర తగలేస్తావా అని అమ్మ లాక్కుంది, తర్వాత నాకిచ్చింది. కిటికీకి తెల్లరంగేసినప్పుడల్లా దానికీ వేస్తుంటా. ఇదిగో, ఈ పక్క గాడిలోనే రంగు నిలిచిపోయి నా ప్రాణం తీస్తుంది." ఆవిడ వేలు ఆ గాడి వెంబడే నడిచింది.

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వడిగావా? అడగందే అమ్మైనా పెట్టదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాడంట నీలాంటివాడే."

పక్కనున్న ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు.

అక్క ఇంట్లో ఆ గదిలోకి ఎల్వుడ్ ఏనాడూ తొంగి చూసిన పాపాన పోలేదు. బట్టలుతికే చోట మగవాడికేం పని అనుకునే కాలపువాడు మరి. ఆ సాయంత్రం తుపాకీ తీసుకుని అక్క ఇంటికి వెళ్లి, కిటికీ కింద నుంచి తెల్లకర్ర తీసి, కోసిన కొన మీది రంగును చాకుతో గీకాడు. చివర్లో నాన్న రంపం జారినట్టుంది, అక్కడ చిన్న పెచ్చు ఒకటి పొడుచుకొచ్చి ఉంది. తుపాకీ వైపు సరిగ్గా అంతే పెచ్చు ఊడి ఉంది. రెండూ దగ్గరికి పెడితే కలిసిపోయాయి. ఎల్వుడ్ బోర్లించిన తొట్టి మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. అతనికి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. తర్వాత మెర్ల్ అన్న మాట, తను మింగిన మాట, అన్నీ అక్కతో చెప్పాడు.

"కసాయి అన్నాడా? ఆ కసాయే మన కడుపులు నింపాడని చెప్పకపోయావా?" అంది వెర్నా. అంతలో కిటికీ వైపు చూసి, "అదంతా బాగానే ఉందిగానీ, ఇప్పుడు నా కిటికీ దేంతో ఆపను?" అంది.

ఎల్వుడ్ అటూ ఇటూ చూశాడు. చేతికి అందేలా ఒకే ఒక్క కర్ర ఉంది.

ఆకులు రాలే రోజుల్లో మళ్లీ ప్రదర్శన పెట్టినప్పుడు, ఎల్వుడ్ తెల్లరంగంతా ఒలిచి కర్ర అతికించిన తుపాకీని మెర్ల్ బల్ల మీద పడుకోబెట్టాడు. మెర్ల్ కళ్లజోడు పెట్టుకుని అతుకు కోసం వెతికాడు. పక్క గాడిలో సన్నటి తెల్లరంగు చార తప్ప ఏమీ దొరకలేదు.

"ఎవరి పనయ్యా ఇది?"

"మా నాన్న కోశాడు. మా అక్క దాచింది. నేను అతికించా."

మెర్ల్ ముఖం మాడిపోయింది. "ఆ రోజు నేనో మాటన్నాను కదూ. కోసింది మీ నాన్న అని తెలీదు. తప్పయిపోయింది."

"సరేలే," అన్నాడు ఎల్వుడ్. ముల్లు ఎప్పుడు ఊడిందో అతనికే తెలియలేదు.

"మరి నేనిచ్చిన కర్ర? అలాంటిది మళ్లీ దొరకదు. గరుకు కాగితం, రంగు గట్రా తగలనివ్వలేదు కదా? భద్రంగా ఉందా?"

కొన్న వారం తిరక్కుండానే వెర్నా దానికి రెండు పూతలు తెల్లరంగు వేసేసింది. ఆ పొద్దున కూడా అది కిటికీని ఎత్తి పట్టుకుని ఉంది, ఉతికిన దుప్పట్లకు గాలి బాగా తగులుతోంది.

"నిక్షేపంగా ఉంది," అన్నాడు ఎల్వుడ్.