కరువు ఫోటోకు నేను చెప్పిన దిద్దుబాటు

కరువు పగబట్టినా చేయలేని పనిని నేను సలహా ఇచ్చి చేశాను. ఒక్క ఫోటోకు నాలుగు మంచి మాటలు చెప్పి మా ఊరి నోటికాడి గంజిని ఒలకబోశాను. చదివి నవ్వుకోండి. ఆనాడు మేమూ నవ్వాం. ఆ నవ్వే కొంప ముంచింది.

గుమ్మఘట్ట దగ్గర మా ఊరు. పందొమ్మిది వందల యాభైల్లో, వానలు మా ఊరి దారి మరిచిపోయిన కాలం. బడి అయ్యవారి దగ్గర ఒక డబ్బా కెమెరా ఉండేది. దాని మీద మోజుపడ్డవాళ్లం ముగ్గురం: అయ్యవారు, దర్జీ మస్తాను, నేను. నేను తీసింది ఒకే ఒక్క ఫోటో, మా మేకది. అందులో తోక వచ్చింది, మేక రాలేదు. అయినా పట్నం నుంచి ఫోటోలు కడిగించి తెచ్చిన ప్రతిసారీ తప్పులు పట్టడంలో నాదే ముందు పీట. అయ్యవారిదొక నియమం: "తప్పు చెప్తే చాలదు, ఎట్ల దిద్దల్లో గూడా చెప్పల్ల." కోతికి కొబ్బరికాయతో పాటు కత్తి కూడా ఇచ్చినట్టయింది.

ఆ ఎండాకాలం సర్కారు కొన్ని ఊళ్లలో గంజి కేంద్రాలు పెడుతోందని తెలిసింది. మా ఊరికి బస్సు లేదు కాబట్టి అధికారి రాడు. "ఆయప్ప రాకుంటే ఊరినే ఆయప్ప కాడికి తీసకపోదాం" అన్నాడు అయ్యవారు. మస్తాను ఊరందరినీ బడి ముందర చేర్చి ఫోటో తీశాడు.

ఫోటో వచ్చింది. చింపిరి జుట్లు, చిరుగుల గుడ్డలు. ముందు వరసలో ముసలి హనుమక్క, నిలబడే ఓపిక లేక మట్టిలో చతికిలబడి ఉంది.

"ఏమప్పా మస్తానూ, ఇదేం ఫోటో? సంతలో అమ్ముడుపోని మేకల మాదిరి ఉండారే అందరూ!" అన్నాను.

"ఉన్నట్లే తీసినాక్కా."

"దొర చూసేదప్పా ఇది! ఊరికి మర్యాదుండొద్దా?"

"సరే, దిద్దేదెట్లనో చెప్పక్కా" అన్నాడు అయ్యవారు. ఆయన అడగకపోయినా చెప్పేదాన్నే.

"తలలకు ఆముదం పెట్టించు. మంచి గుడ్డలు కట్టించు. హనుమక్కను మంచం మీద రాణి మాదిరి కూచోబెట్టు. అందరినీ నవ్వమను."

"ఆకలైన మనిషి ఎట్ల నవ్వల్లక్కా?" అన్నాడు మస్తాను.

"ఫోటోలో ఆకలి కనపడదులే. పండ్లు కనపడతాయి."

మా వాళ్లకు ఫోటో అంటే జన్మకొకసారి. ఇక ఊరు ఆగుతుందా? కుట్టించినవాళ్లు కూలి ఇచ్చుకోలేక వదిలేసిన చొక్కాలన్నీ మస్తాను పెట్టెలోంచి తీసి పంచాడు. నా పెళ్లి చీర హనుమక్కకు కట్టాను. "నవ్వు పెద్దమ్మా!" అంటే ఉన్న రెండు పండ్లూ బయట పెట్టింది. ఆ రెండో ఫోటోలో మేం పెళ్లి భోజనం ముగించి ఆకువక్క కోసం కాచుకున్నవాళ్లలా ఉన్నాం.

ముగ్గురం తాలూకా ఆఫీసుకు పోయాం. అధికారి ఫోటో చూసి మురిసిపోయాడు.

"భలే కళగా ఉందయ్యా మీ ఊరు! దీనికి గంజి ఎందుకు?"

అయ్యవారు గాబరాగా జేబులోంచి మొదటి ఫోటో తీసి ఇచ్చాడు. అధికారి రెండూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"ఈ ముసలమ్మే కదా ఆమె? మొన్న రాణి, ఇప్పుడు బిచ్చగత్తె! గంజి కోసం వేషాలు కడతారా?"

"ఇదే ముందు తీసింది సార్, ఇదే నిజం!" మస్తాను మొదటి ఫోటో మీద వేలు పెట్టి చూపించాడు.

"మరి వీళ్లను నవ్వమన్నదెవరు?"

ఇద్దరూ నా వైపు చూశారు.

"అయితే గంజి కూడా ఆమెనే పొయ్యమనండి."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నవ్వుతూ అడిగితే సర్కారు కూడా పెట్టదని కనిపెట్టింది నేనే.

గంజి కేంద్రం పక్క ఊరికి పోయింది. ఆ ఎండాకాలమంతా మా ఊరు చెంబులు పట్టుకుని అక్కడికి నడిచింది. నేను చెమట తుడుచుకుంటే చాలు, వెనక నుంచి ఎవరో ఒకరు: "నవ్వక్కా, ఫోటో తీస్తాండారు!"

హనుమక్క అంత దూరం నడవలేదు. నా పాలి గంజిలో సగం తెచ్చి ఇచ్చేదాన్ని. తాగి, మూతి తుడుచుకుని రోజూ అదే మాట అడిగేది.

"ఏమ్మే, నా ఫోటో చూసి ఈమెకు గంజి ఎందుకన్నాడంట కదా దొర! అంత బాగుండానా?"

"బాగుండావు పెద్దమ్మా."

"అట్లయితే ఆ ఫోటో ఈడ పెట్టిపో. ఆకలైనప్పుడు చూసుకుంటా."

వానలు పడే నాటికి ఆమె లేదు. ఫోటో ఉంది, రెండు పండ్లతో నవ్వుతూ.

ఖాళీ చెంబు మీద చేయి పెట్టి ప్రమాణం చేశాను. ముసలితనంలో నాలుగు అక్షరాలు వచ్చాయి కాబట్టి ఇప్పుడు రాసి కూడా ఇస్తున్నాను: ఎవరు ఏ ఫోటో చూపించినా, తల తెగిపోయినా, తోక ఒక్కటే వచ్చినా, నా నోట వచ్చేది ఒకే మాట. "ఉన్నట్లే ఉండాది నాయనా. ముట్టుకోవద్దు."