చంపేస్తానండి

కడియంలో దుర్గాశ్రీ తీసిన పెళ్లి వీడియో లేని ఇల్లు కావాలంటే వెతుక్కోవాలి. ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, షష్టిపూర్తులు, ఆఖరికి ఒక నర్సరీ యజమాని కొత్త లారీకి చేయించిన పూజ కూడా ఆమే తీసింది. చూసినవాళ్లందరిదీ ఒకటే మాట, చూడముచ్చటగా ఉందమ్మా అని. ఏళ్ల తరబడి ఆ మాట విని విని ఆమెకు వెగటు పుట్టింది. ఏం తీసినా జనం ముచ్చటపడటమేనా, ఒక్కరైనా ఉలిక్కిపడరేం అని లోలోపల కుమిలిపోయేది.

ఉలిక్కిపడాలంటే రాజకీయం తీయాలని తీర్మానించుకుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కథ కంటే ముందు సినిమాకి పేరు పుట్టింది. 'మూడో ర్యాంపు'. గోదావరిలో ఇసుక తోడే ర్యాంపులు కాగితం మీద రెండే, ఏట్లో మాత్రం మూడు. ఆ మూడోది ఎవరిదో ఒక సర్వేయరు కనిపెడతాడు, ఒక పెద్దమనిషి అతన్ని బెదిరిస్తాడు. ఇదంతా ఆమె బెండకాయలు తరుగుతూ అల్లుకున్నదే. ఇసుక గురించి ఆమెకున్న పరిజ్ఞానమల్లా ఇల్లు కట్టేటప్పుడు లారీ దింపించుకున్నంత వరకే.

భర్త సుధాకర్ పెళ్లిళ్ల సీజను పోతుందని రెండు రోజులు గొణిగాడు. మూడోనాటికి లైట్లు మోయడానికి తనే నడుం కట్టాడు. సర్వేయరు వేషానికి డ్రాయింగు మాస్టారు యెహెజ్కేలు దొరికారు. క్రిస్మస్ నాటకాల్లో యోసేపు వేషం వేసీ వేసీ, ఆయనకు ముఖంలోనే ఒక దీనత్వం స్థిరపడిపోయింది. విలన్ ఒక్కణ్ణే హైదరాబాదు నుంచి పిలిపించారు. ఆ మహానుభావుడు వచ్చి, చేపల పులుసుతో సుష్టుగా భోంచేసి, పెద్ద సినిమా నుంచి ఫోను రాగానే మొహానికేసిన రంగయినా కడుక్కోకుండా కారెక్కేశాడు.

అప్పుడు వాళ్లున్నది భీమవరం దగ్గర విశ్వనాథరాజు గారి మేడలో. రొయ్యల చెరువులున్న ఆసామి, అడగగానే ఇల్లిచ్చిన ధర్మాత్ముడు. మర్నాడు ఆయన చెరువులో రొయ్యల పట్టుబడి ఉంది, పట్టేవాళ్లతో, కొనేవాళ్లతో ఇల్లంతా నిండిపోతుంది. విలన్ సీను ఆ పూట అయిందా సరేసరి, లేదంటే సినిమానే లేదు. దుర్గాశ్రీ చూపు నెమ్మదిగా రాజుగారి మీద వాలింది. ఆరడుగుల విగ్రహం, గుబురు మీసం, గంట మోగినట్టుండే గొంతు. అడిగితే కాదనలేదు. కాదనడం ఆయనకు వచ్చిన విద్య కాదు.

చిక్కల్లా ఒక్కటే. రాజుగారు పుట్టి బుద్ధెరిగి ఎవరినీ 'నువ్వు' అన్నది లేదు. మనవణ్ణి కూడా మీరనే అంటారు. గుమ్మంలోకొచ్చిన వీధికుక్కనైనా వెళ్లండి వెళ్లండి అనే అదిలిస్తారు. దుర్గాశ్రీ రాసిన డైలాగు 'రేయ్, నిన్ను చంపేస్తా' అని. రాజుగారు కళ్లెర్ర చేసి, వేలు చూపించి గర్జించారు.

"ఏవండీ, మిమ్మల్ని చంపేస్తానండి."

యెహెజ్కేలు మాస్టారు ఫక్కున నవ్వేశారు. లైటు పట్టుకున్న సుధాకర్ నవ్వితే వెలుతురు కూడా ఊగింది. మళ్లీ తీశారు, మళ్లీ అదే. బతిమాలగా బతిమాలగా ఒకసారి 'రేయ్' అనగలిగారు గానీ, ఆ వెంటనే మాస్టారి చేతులు పట్టుకుని ఏమనుకోకండని వేడుకున్నారు. దుర్గాశ్రీ మెట్ల మీద కూలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. ఇది కూడా చూడముచ్చటగానే తయారవుతోంది దేవుడా అనుకుంది.

అంతలో రాజుగారి ఫోను మోగింది. కొత్త చెరువుకు పాడైన రొయ్యపిల్లను అంటగట్టి, ఆనక మొహం చాటేసిన వ్యాపారి అవతల. రాజుగారు పడకకుర్చీలో వెనక్కి వాలి, గొంతు బాగా తగ్గించి, చల్లగా మాట్లాడారు.

"ఆయ్, నేనేనండి. భోజనాలయ్యాయాండి? మీరేం కంగారు పడకండి. ఇంట్లోనే ఉండండి. మావాళ్లో నలుగురు బయల్దేరారండి, మీకు తోడుగా కూర్చుంటారు. అమ్మగారిని కాస్త కాఫీ పెట్టమనండి."

రాజుగారు ఫోను పెట్టేశారు. గోదావరి వాళ్లు మర్యాదతో చంపేస్తారని లోకమంతా వేళాకోళమాడుతుంది కదా, ఇక్కడే పుట్టి పెరిగిన దుర్గాశ్రీకి అందులో ఇంత సినిమా ఉందని ఆ క్షణం వరకు తట్టలేదు. ఒళ్లు జలదరించింది, ఆ వెంటనే గంతులేయాలనిపించింది. డైలాగు మర్చిపోండి రాజుగారూ, మాస్టారికి అన్నం పెట్టి ఇప్పుడు మాట్లాడినట్టే మాట్లాడండి అంది.

రాజుగారు స్వయంగా వడ్డించారు. నెయ్యి వేస్తూ, సర్వేయరు గారి అమ్మాయి కాలేజీ బస్సు ఏ మలుపులో ఆగుతుందో ఆప్యాయంగా అడిగారు. ఈమధ్య త్వరగా చీకటి పడుతోందండి అన్నారు. మాస్టారి చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది, అందులో నటన ఆవగింజంతైనా లేదు. కట్ చెప్పాక రాజుగారు బాగానే వచ్చిందా అని అడిగి, మాస్టారికి ఇంకాస్త పెరుగు వేశారు.

సినిమా పూర్తయ్యాక రాజమండ్రిలో ఒక థియేటరును ఉదయం ఆటకు అద్దెకు తీసుకున్నారు. దుర్గాశ్రీ పిలిచింది కదా అని పెళ్లిళ్లవాళ్లందరూ పట్టుచీరల్లో, పిల్లాజెల్లాతో దిగారు. ఏటిగట్టు మీద షూటింగుకి మాటసాయం చేసిన పక్క ఊరి మాజీ మున్సిపల్ చైర్మన్ గారు ముఖ్య అతిథిగా ముందు వరుసలో కూర్చున్నారు. రాజుగారు తెర మీదికొచ్చి అండీ అండీ అనగానే హాలంతా నవ్వింది. అన్నం సీను వచ్చేసరికి చంటిపిల్లలు కూడా నోరెత్తలేదు. దుర్గాశ్రీ మాత్రం తెరవంక చూడలేక, గోడకానుకుని గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది.

ఆట ముగిశాక అందరూ వచ్చి బాగుందన్నారు. పెళ్లిళ్లకీ అలాగే అంటారు, ఆమె ఎలా నమ్ముతుంది? హాలు సగం ఖాళీ అయ్యాక చైర్మన్ గారు లేచి వచ్చారు. కప్పిన శాలువా ఆయన చేతిలో ఉండచుట్టుకుపోయి ఉంది. అటూ ఇటూ చూసి, ఆమె వైపు కొంచెం వంగారు.

"ఆ ర్యాంపు సంగతి మీకెవరు చెప్పారండి?"

ఎవరూ చెప్పలేదని, వంట చేసుకుంటూ ఊహించానని ఆమె ఉన్నమాటే చెప్పింది. ఆయన నమ్మలేదు. మనవాళ్లే ఎవరో చెప్పుంటారులెండి, కనుక్కుంటాను అని చిరునవ్వు నవ్వి, మెట్లు దిగి వెళ్లిపోయారు.

సుధాకర్ పరుగెత్తుకొచ్చి ఏమన్నారని అడిగాడు. దుర్గాశ్రీకి భయంగా ఉంది, జన్మలో ఎన్నడూ లేనంత సంతోషంగానూ ఉంది. మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"భయపడ్డాడండీ. మన సినిమా చూసి ఆయన భయపడ్డాడు."