ఎర్రబడిన పసుపు పాలు

నాచారంలోని ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసిన రోజుల్లో నాకు అనుమానం జబ్బులా పట్టుకుంది. డ్రమ్ము మీద ఏ చీటీ ఉన్నా నమ్మకూడదు, పరీక్ష చేశాకే నమ్మాలి. అదే నా ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ గుణం వదిలేది కాదు. చింతపండు తెచ్చినా, నూనె తెచ్చినా వాసన చూడనిదే లోపల పెట్టనిచ్చేదాన్ని కాదు.

అప్పుడు ఉప్పల్‌లో ఉండేవాళ్లం. మావారిది ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఉద్యోగం. మా వరుసలోని ఇళ్లన్నీ అలాంటి ఉద్యోగులవే. పీర్జాదిగూడ నుంచి ఒకావిడ బిందెతో గేదెపాలు తెచ్చి అందరికీ పోసేది. నేను పొద్దున్నే బస్సుకు పరుగెత్తాలి గనక పాలు కాచే పని మావారిది.

ఎండాకాలంలో ఒక సాయంత్రం, దగ్గు పట్టుకున్న మా అత్తగారు పాలలో పసుపు వేసుకున్నారు. పాలు ఎర్రబడ్డాయి. పసుపులో సున్నం కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్లవుతాయని తెలియనిదెవరికి? సోడా కలిపినా అంతే. పాలు విరగకుండా పాలావిడ సోడా కలుపుతోందని అత్తగారు తేల్చేశారు. నేను ఇల్లు చేరేసరికి ఆ మాట వీధంతా పాకింది. రేపటి నుంచి ఎవరూ ఆమె దగ్గర పాలు పోయించుకోకూడదని తీర్మానం కూడా అయిపోయింది. తమ ఇంటి పాలలో చిటికెడు పసుపు వేసి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నాకు ఒళ్లు మండింది. పాలావిడ మీద నాకూ అనుమానమే, కాని పరీక్ష లేని తీర్పు మీద అంతకన్నా ఎక్కువ అనుమానం.

మా గిన్నెలో మిగిలినవి ఒక సీసాలో, పక్కింట్లో మిగిలినవి ఇంకో సీసాలో పోసుకుని మర్నాడు ల్యాబ్‌కు పట్టుకెళ్లాను. రెండూ ఒకే పొద్దున, ఒకే బిందెలోంచి పోసిన పాలు.

పసుపు చెప్పేది సోడా ఉందా లేదా అన్నంత వరకే. ఎంత ఉందో టైట్రేషన్ చెబుతుంది. మంచి పాలలోనూ కొద్దిగా ఆమ్లం ఉంటుంది. వాటిలో ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, బ్యూరెట్ అనే కొలతగీతల గాజుగొట్టం నుంచి క్షారాన్ని బొట్టుబొట్టుగా వదలాలి. ఆమ్లం ఉన్నంతసేపూ ఫినాఫ్తలీన్‌కు రంగు ఉండదు. ఆమ్లం అయిపోయి ఇంకో బొట్టు క్షారం పడగానే దాని అణువు హైడ్రోజన్‌ను వదులుకుని రూపు మార్చుకుంటుంది, గులాబి రంగు తేలుతుంది. అక్కడ ఆపి, ఎంత క్షారం పట్టిందో చూసుకోవాలి. సోడా కూడా క్షారమే, అది ముందే పడి ఉంటే ఆమ్లం అప్పటికే చాలావరకు అయిపోయి ఉంటుంది గనక రంగు తొందరగా వచ్చేస్తుంది.

పక్కింటి పాలు పట్టాల్సినంత క్షారమూ పట్టాయి. మా పాలు ఇలా మొదలుపెట్టానో లేదో గులాబి అయ్యాయి. ఫ్లాస్కు సరిగా కడగలేదేమోనని మళ్లీ చేశాను. ఇండికేటర్ పాడైందేమోనని కొత్తది తెచ్చి చేశాను. ఏమీ మారలేదు. సోడా పడింది బిందెలో కాదు, మా ఇంట్లోనే.

తిరుగు బస్సులో ఇంట్లోవాళ్లందరినీ అనుమానించాను. అత్తగారే వేసి ఉంటే అంత గోల చేయరు. ఇక మిగిలింది పాలు కాచే మనిషి.

అడిగితే మావారు దాచలేదు. కొన్నాళ్ల కిందట పాలు విరిగితే వాళ్లమ్మ చీవాట్లు పెట్టారట, అప్పట్నుంచి చిటికెడు వంటసోడా వేస్తున్నారట. మరి వీధంతా పాలావిడను దొంగను చేస్తుంటే నోరెందుకు విప్పలేదని నిలదీశాను.

“ఆవిడకేం, ఇంకో వీధి చూసుకుంటుంది,” అన్నారు.

ఆ మాటతో ఆయన మీద కలిగిన అసహ్యం ఇన్నేళ్లకూ పూర్తిగా పోలేదు.

ఆదివారం పీర్జాదిగూడ వెళ్లాను. పాలావిడ గేదెకు గడ్డి వేస్తోంది. మా వరుస మానేశాక పాలు మిగిలిపోయి రోజూ తోడు పెడుతోందట. నేను చేసిన పరీక్ష సంగతి చెప్పి, తప్పు మా ఇంటిదేనన్నాను. ఆమె చేతిలో పని ఆపలేదు.

“నేను కలపలేదని నాకెర్క లేదా బిడ్డా? గీ ముచ్చట నాకెందుకు జెప్తున్నవ్? పొయ్యి మీ గల్లీల జెప్పు.”

వెళ్లి చెప్పాను, ప్రతి గుమ్మంలోనూ. ఎవరు వేశారని అడిగినవాళ్లకు మావారేనని కూడా చెప్పాను. ఆయన గదిలోంచి బయటికి రాలేదు. అత్తగారు మాటలు మానేశారు, కొడుకుతో కాదు, నాతో.

పక్కింటావిడ కబురు పంపితే పాలావిడ మళ్లీ వచ్చింది. వరుసగా అందరికీ పోసుకుంటూ వచ్చి, గిన్నె పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది. బిందె సర్దుకుని ముందుకు పోయింది. నేను పిలవలేదు. ఆమె చోట నేనున్నా ఆ గిన్నెలో పోసేదాన్ని కాదు.