నాకు పడనిది

ఖరగ్‌పూర్ రైల్వే స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో నా పక్కన కూర్చున్న అమ్మాయి, ఆసుపత్రి రికార్డులు రాసే కోర్సు ఫోన్లోనే చదువుతోంది. సాయంత్రంలోగా ఎవరో ఒకరి ఆరోగ్య వివరాలు రాసి పంపాలట, పేరు అక్కర్లేదట. నన్ను అడిగింది. ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి, ఇన్నాళ్లకు హోంవర్కు చేసే భాగ్యం దొరికిందని సర్దుకు కూర్చున్నాను.

"నీకు ఏటి పడదు బాబాయ్?"

"పని పడదమ్మా. పేరెత్తితే చాలు, ఒళ్లంతా దద్దుర్లే."

ఆమె నవ్వలేదు. "మా నాన్న కూడా నర్సుతో ఇలాగే ఆటలాడినాడు. పడని ఇంజెక్షన్ సంగతి సెప్పనేదు. మరి ఇంటికి రానేదు."



"పెన్సిలిన్ పడదు" అన్నాను.

ఆమె టైప్ చేసి, సరిచూసుకోమని ఫోన్ నావైపు తిప్పింది.

ఇప్పుడు ఏ ఆసుపత్రికెళ్లినా ముందు ఆ ముక్క చెబుతాను. నర్సును ఏడిపించడం ఆ తర్వాతే.